మాత్రలు ఆపి 41 రోజులు: నెలసరి లేదు, కిట్‌లో సగం గీత!

తెనాలి కోడలు:
రెండేళ్లు మాలా-ఎన్ అనే గర్భనిరోధక మాత్రలు వేసుకున్నాను. ఇప్పుడు పిల్లలు కావాలనుకుని ఆపేశాం. ఆపిన మూడో రోజు బ్లీడింగ్ అయింది. అది మొదటి రోజు అనుకుంటే ఈరోజుకి 41. పెళ్లికి ముందు 28, 30 రోజులకి ఠంచనుగా వచ్చేది. 30, 34, 38వ రోజుల్లో ప్రెగ్నెన్సీ కిట్‌తో చూశాను, ఒక్క గీతే. నిన్న పొద్దున కూడా అంతే. కానీ మనసాగక సాయంత్రం చెత్తబుట్టలోంచి తీసి చూస్తే రెండో గీత సన్నగా, బూడిద రంగులో ఉంది. మా అత్తగారు అప్పుడే బంధువులకి ఫోన్లు మొదలుపెట్టారు. అది పాజిటివేనా అక్కా?

వరంగల్ నర్సమ్మ:
ముందు ఆ కిట్‌ని మళ్లీ చెత్తబుట్టలో వేసెయ్యి తల్లీ. దాని మీద రాసిన సమయంలో, ఎక్కువ కిట్లకి 5 నిమిషాల్లో, కనిపించిందే లెక్క. తర్వాత తడి ఆరిపోతూ రంగులేని గీత ఒకటి తేలుతుంది. పాజిటివ్ గీత పల్చగా ఉన్నా సరే, రంగుతో, టైములోపలే వస్తుంది.

ఇక అసలు పొరపాటు నీ లెక్కలో ఉంది. మాత్రలు ఆపాక వచ్చిన బ్లీడింగ్ మామూలు నెలసరి కాదు. హార్మోన్ అందడం ఆగిపోయేసరికి గర్భసంచి లోపలి పొర ఊడి వచ్చింది, అంతే. ఆ నెల నీకు అండం విడుదలై ఉండదు. అండం విడుదలైన సుమారు రెండు వారాలకి అసలైన నెలసరి వస్తుంది. కొందరికి మాత్ర మానిన నెలలోనే మొదలవుతుంది, కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది. కాబట్టి నువ్వు నెల తప్పావని ఇప్పుడే చెప్పలేం.

తెనాలి కోడలు:
మరి ఎప్పుడు టెస్ట్ చేసుకోవాలి? తేదీయే తెలియకపోతే ఎలా?

వరంగల్ నర్సమ్మ:
కలిసిన రోజు నుంచి 21 రోజులు దాటాక చూస్తే ఆ కలయిక సంగతి తేలిపోతుంది. మీరు ప్రయత్నంలోనే ఉన్నారు కాబట్టి చివరి రోజంటూ ఉండదు. అందుకని రెండు వారాలకోసారి చూసుకో, చాలు. పొద్దున లేచాక మొదటి మూత్రంతో చూడు. గర్భం వస్తే కిట్ పట్టుకునే హార్మోన్ మొదటి వారాల్లో రెండు మూడు రోజులకి రెట్టింపవుతుంది, ఉంటే దాగదు. కిట్ కొనే పని కూడా లేదు, మీ ఆశా కార్యకర్తని అడిగితే ‘నిశ్చయ్’ కిట్ ఉచితంగా ఇస్తారు.

ఫోలిక్ యాసిడ్ మాత్రం ఈరోజే మొదలుపెట్టు, రోజుకి 400 మైక్రోగ్రాములు. షాపులో 5 మిల్లీగ్రాములది చేతిలో పెడతారు, అది డాక్టరు చెబితేనే వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాము రూపు కట్టేది చాలామందికి గర్భం వచ్చిందని తెలియకముందే. అందుకే ఈ తొందర.

కర్నూలు నుంచి:
మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నేను గర్భం రాకుండా వేసే ‘అంతర’ ఇంజెక్షన్ తీసుకునేదాన్ని. చివరిది వేయించుకుని ఆరు నెలలైంది. పీరియడ్ లేదు, కిట్‌లో నెగెటివ్. ఇంజెక్షన్ వల్ల ఇక పిల్లలు పుట్టరని పక్కింటావిడ భయపెడుతోంది.

వరంగల్ నర్సమ్మ:
పక్కింటావిడ మాట పక్కన పెట్టండి. ఆ మందు ఒంట్లోంచి మెల్లగా పోతుంది. మాత్రలకీ దానికీ తేడా అదే. చివరి ఇంజెక్షన్ నుంచి మళ్లీ గర్భం నిలవడానికి మామూలుగా 7 నుంచి 10 నెలలు పడుతుంది. శాశ్వతంగా పోవడం ఉండదు.

మాత్రలు మానినవాళ్లకి మూడు నెలలైనా నెలసరి రాకపోతే ఒకసారి చూపించుకోవాలి, థైరాయిడ్, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) లాంటివి ఉన్నాయేమో చూస్తారు. నెలసరి వస్తూ కూడా గర్భం నిలవకపోతే 35 ఏళ్లలోపు వాళ్లు ఏడాది ఆగొచ్చు, 35 దాటితే ఆరు నెలలే. ఒక్కటి మాత్రం ఆగకూడనిది: పాజిటివ్ వచ్చి, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో నిలిచిందేమో అనుమానించాలి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, అర్ధరాత్రి అయినా.

తెనాలి కోడలు:
అక్కా, కలవడానికి ‘సరైన రోజు’ ఏదని మా ఆయన క్యాలెండర్ పట్టుకుని కూర్చున్నాడు.

వరంగల్ నర్సమ్మ:
నెలసరి కుదురుకునేదాకా క్యాలెండర్ పనికిరాదని చెప్పు. రెండు మూడు రోజులకోసారి కలిస్తే చాలు, ఏ రోజూ తప్పిపోదు.

తెనాలి కోడలు:
చెప్పాను. మిగిలిన మూడు కిట్లూ ఆయనకే ఇచ్చి దాచమన్నాను, నా దగ్గరుంటే రేపే విప్పేస్తాను. అత్తగారి ఫోన్లు ఆపడమే మిగిలింది.