పెదనాన్న మటాడోర్ ఇల్లు: ఇలాంటి బండ్లు ఇంకెవరికైనా గుర్తున్నాయా?

బ్రాడీపేట_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మొన్న సంక్రాంతికి తెనాలి దగ్గర మా ఊరు వెళ్తే, గడ్డివాము చాటున మా పెదనాన్న మటాడోర్, అదే ఆ పాతకాలం డీజిల్ వ్యాను, ఇంకా ఉంది. టైర్లు సగం దాకా మట్టిలో దిగబడ్డాయి, డ్రైవర్ సీట్లో కోడి పొదుగుతోంది.

కథ ఏంటంటే, ఒకసారి ఏదో క్షేత్రంలో సత్రం మంచం మీద రాత్రంతా నల్లులు కుట్టాయట. తెల్లారేసరికి మా పెదనాన్న ఇక జన్మలో పరాయి మంచం ఎక్కనని ఒట్టేసుకుని, సెకండ్ హ్యాండ్ మటాడోర్ ఒకటి కొని బెజవాడ ఆటోనగర్‌లో ఇచ్చి ఇల్లు చేయించాడు. 1980ల చివర్లో సంగతి. కప్పు తొమ్మిది అంగుళాలు పైకి లేపించారు. నవారు మంచం గోడకి మడత పడుతుంది, వెనక తలుపు పక్కన కిరసనాయిలు స్టవ్వుకి రేకు గట్టు, ఆవకాయ జాడీ కదలకుండా దాని సైజుకే చేసిన చెక్క గూడు. పైన నల్ల రంగేసిన నీళ్ళ డ్రమ్ము, ఎండకి కాగి సాయంత్రానికి వేణ్ణీళ్ళ స్నానం. అయితే ఆ డ్రమ్ముతోనే దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్‌లో బండి మలుపు మలుపుకీ ఊగుతుంటే మా పెద్దమ్మ మల్లన్నని దిగేదాకా వదల్లేదు.

1992 కృష్ణా పుష్కరాలకి సీతానగరం వైపు ఒడ్డున ఆపాం. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. స్నానం చేసి తడి బట్టల్తో నిలబడ్డ ఒకావిడ "అమ్మా, లోపల చీర మార్చుకోవచ్చా?" అని అడిగింది, పెద్దమ్మ తలుపు తీసింది, అంతే, ఆ రోజంతా మగాళ్ళెవరం బండెక్కలేదు. పెదనాన్న బయట చాప మీద కూచుని వచ్చినవాళ్ళ చెప్పులకి కాపలా.

ఇప్పుడు మా అన్నయ్య పాత ఇనుముకి ఇచ్చేద్దాం అంటున్నాడు. బాగు చేయించొచ్చా? మీ దగ్గరా ఇలాంటి జ్ఞాపకాలుంటే చెప్పండి.

అరండల్‌పేట_బ్యాచ్:
మటాడోర్ అంటే మా స్కూలు వ్యానే. ఎనిమిదిమంది పట్టే చోట ఇరవైమందిమి, ఇంజిన్ డబ్బా మీద కూచున్నవాడికి చలికాలం అదృష్టం, ఏప్రిల్లో నరకం. ఇవ్వకండి బ్రో.

ఆటోనగర్_టింకర్:
తమ్ముడూ, చదువుతుంటే మా నాన్న షెడ్డు కళ్ళముందుకొచ్చింది. మాది లారీ బాడీ పని. అప్పట్లో ఫ్యాక్టరీ నుంచి చాలావరకు ఉత్త చాసిసే వచ్చేది, ముందు ఇంజిన్, వెనక రెండు దూలాలు. దాన్ని జంషెడ్‌పూర్ నుంచి తోలుకొచ్చే డ్రైవర్లు తలకి తువాలు చుట్టుకుని, క్యాబిన్ లేకుండా ఎండలో వానలో అలాగే వచ్చేవాళ్ళు. క్యాబిన్, తొట్టి, రంగు, అద్దం మీద దేవుడి బొమ్మ, అన్నీ ఇక్కడే. ఇలాంటి పని చేసేవాడికి మటాడోర్‌ని ఇల్లు చేయడం పెద్ద కష్టం కాదు, కాకపోతే ఎవరో వచ్చి అడగాలి. మా షెడ్డుకి అలా వచ్చినవి నాకు తెలిసి మూడు. ఒకటి బోర్లేసేవాళ్ళ వంట వ్యాను, ఒకటి ఊరేగింపు రథం. మూడోదాని మీద డబ్బులెగ్గొట్టారు, దాని గురించి వద్దులే.

నాన్న కాగితం మీద గీసేవాడు కాదు. సుద్దముక్కతో షెడ్డు నేల మీద అసలు కొలతకి గీసేవాడు, ఇదిగో ఇక్కడ మంచం, ఇక్కడ గట్టు అని. బండి ఓనర్ ఆ గీతల మధ్య పడుకుని చూసుకునేవాడు, కాళ్ళు ఆనుతున్నాయా లేదా అని. సాయంత్రం ఊడిస్తే డ్రాయింగ్ పోయేది. అందుకే ఈ బండ్లకి ఫొటోలు కూడా లేవు, బండే డ్రాయింగ్.

నీ బండి ఊగడానికి కారణం డ్రమ్మే. కప్పు లేపి, దాని మీద నీళ్ళు, అవి మలుపులో ఒక పక్కకి తోసుకొస్తాయి. ట్యాంకు ఎప్పుడూ చాసిస్ దూలాల మధ్య కింద ఉండాలి. స్క్రూడ్రైవర్ తీసుకుని తలుపు పైన వాన నీళ్ళ అంచు, చక్రాల పై రేకు, బ్యాటరీ కింద నేల, ఈ మూడు చోట్ల పొడిచి చూడు. దిగబడితే ఆ రేకు మార్చాల్సిందే, కానీ దూలం గట్టిగా ఉంటే బండి బతికినట్టే. ఇంజిన్‌కి భయపడకు, ఆ డీజిల్ ఇంజిన్లు అంబాసిడర్లకీ జీపులకీ పెట్టించుకున్నవాళ్ళు బోలెడుమంది, పని తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఒక పని చెయ్యి. స్టవ్వు గట్టు ఎత్తు కొలిచి చెప్పు. మా షెడ్డులో మామూలుగా 30 అంగుళాలు పెట్టేవాళ్ళం. తగ్గితే ఆ ఇంటావిడని నిలబెట్టి కొలిచినట్టే.

పాతబండి_పంతులు:
మా తరానికి ఇల్లులాంటి బండి అంటే ఒకటే, చైతన్య రథం. పార్టీ సంగతి పక్కన పెట్టండి, నేను బండి గురించే అంటున్నా. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానుని మార్పించుకుని ఊరూరూ తిరిగారు, హరికృష్ణ తోలేవారు. అందులోనే నిద్ర, రోడ్డు పక్కనే స్నానం, పైకెక్కి ఉపన్యాసం. మా ఊరికొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. అందరూ ఆయన్ని చూస్తుంటే నేను మా బాబాయ్ భుజాల మీద కూచుని, పైకి ఎక్కే మెట్లు లోపలున్నాయా బయటున్నాయా అని వెతుక్కుంటున్నా.

మంగళగిరి_టు_టెక్సస్:
ఇక్కడ మా వీధి చివర ఒకాయన దగ్గర 1976 జీఎంసీ మోటార్‌హోమ్ ఉంది. 1973 నుంచి 78 దాకే చేశారు. గొప్పతనం ఏంటంటే ముందు చక్రాలే లాగుతాయి, వెనక్కి షాఫ్ట్ లేదు కాబట్టి నేల చాలా కిందకి ఉంటుంది, ముసలాళ్ళు కూడా ఇంట్లోకి నడిచినట్టు ఎక్కేయొచ్చు. వెనక పక్కకి రెండేసి చక్రాలు, గాలి బ్యాగుల మీద. 7.5 లీటర్ల ఇంజిన్, పెట్రోలు తాగే తాగుడు చూస్తే మీ పెదనాన్నగారు మళ్ళీ సత్రానికే వెళ్ళేవారు. ఫోక్స్‌వాగన్ వ్యాన్లలో 1951 నుంచే మంచాలూ బీరువాలూ పెట్టి అమ్మారు, అవీ ముద్దుగా ఉంటాయి. కానీ ఆవకాయ జాడీకి గూడున్నది మాత్రం ఎక్కడా చూడలేదు.

రూల్స్_రావుగారు:
సరదా పాడుచేస్తున్నానని తిట్టకండి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్, అదే నంబర్లో వీఏ అని వచ్చేది, దీనికి రాదు. 50 ఏళ్ళు దాటాలి, పైగా చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా ఉండాలి. ఇది ఆ వయసూ కాదు, మార్చకుండానూ లేదు. ముందు ఆర్సీ వెతకండి, బాడీ మార్పు అందులో ఎక్కించారో లేదో చూడండి. లేకపోతే రోడ్డెక్కించడానికి ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి. పెరట్లో పెట్టుకోడానికైతే ఎవడి పర్మిషనూ అక్కర్లేదు.

బ్రాడీపేట_కుర్రాడు:
అన్నా, ఈ ఆదివారం వెళ్ళొచ్చా. తలుపు పైన అంచు అప్పడంలా విరిగింది, బ్యాటరీ కింద స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. దూలాలు మాత్రం టంగుమన్నాయి. ఆర్సీ పెద్దమ్మ ట్రంకుపెట్టెలో పుష్కరాల ఫొటోతో పాటు దొరికింది. రావుగారూ, అందులో మార్పు ఊసే లేదు, కాబట్టి ప్రస్తుతానికి పెరడే. అన్నయ్య ఫొటో చూసి పాత ఇనుము మాట ఎత్తలేదు, ఖర్చు నీదే అన్నాడు.

గట్టు ఎత్తు 27 అంగుళాలు. మా పెద్దమ్మ పొట్టిది. ఏ షెడ్డో అడిగితే పేరు గుర్తులేదంది కానీ, ఎవరో నేల మీద సుద్దతో గీసి "ఇక్కడ నిలబడమ్మా" అన్నారని మాత్రం చెప్పింది.

కోడి ఇంకా లేవలేదు. పిల్లలు దిగాక జాకీ పెడతా.