పొమోనాలో కూడా ట్రేల్లో పెంచిన క్రికెట్ పిచ్చేనా?

మిడాఫ్:
2028 ఒలింపిక్స్ క్రికెట్‌కి లాస్ ఏంజెలస్ దగ్గర పొమోనా ఫెయిర్‌గ్రౌండ్స్‌లో తాత్కాలిక మైదానం కడతారట. 2024 టీ20 ప్రపంచకప్‌కి న్యూయార్క్ నాసౌ కౌంటీలోనూ ఇదే చేశారు. వేరే చోట ట్రేల్లో పెంచిన పిచ్‌లు తెచ్చి దించారు, 34 వేల సీట్లు లేపారు, జూన్ 12 మ్యాచ్ అవగానే విప్పేశారు. అక్కడ ఆడిన ఎనిమిది మ్యాచుల్లో పెద్ద స్కోరు కెనడా కొట్టిన 137. శ్రీలంక 77కి, ఐర్లండ్ 96కి ఆలౌట్. అదే టోర్నీలో డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో కెనడా 194 కొడితే అమెరికా 197 కొట్టి గెలిచింది. ట్రేల పిచ్ మీద పోసే డబ్బు అలాంటి శాశ్వత మైదానాల మీద పెట్టాలన్నది నా మాట.

రోలర్ డ్యూటీ:
మిడాఫ్ గారూ, తప్పు ట్రేది కాదు, క్యాలెండర్‌ది. అడిలైడ్, మెల్‌బోర్న్ టెస్టులు ఆడేది డ్రాప్-ఇన్, అంటే ఇలా ట్రేల్లో పెంచి తెచ్చి దించే పిచ్‌ల మీదే. నాసౌ పిచ్‌లు చేసింది కూడా అడిలైడ్‌లో పిచ్‌లు చూసుకునే క్యూరేటర్ డేమియన్ హౌ బృందమే. న్యూయార్క్ చలికి బర్ముడా గడ్డి నిద్రపోతుంది కాబట్టి మొత్తం పది పిచ్‌లు ఫ్లోరిడాలో పెంచి, మే నెలలో ట్రక్కుల మీద తెచ్చారు. ప్రపంచకప్ ముందు అక్కడ జరిగింది జూన్ 1న భారత్-బంగ్లాదేశ్ వార్మప్ ఒక్కటే. 3న అసలు మ్యాచ్!

బౌన్స్ అంటే బంకమట్టి పైనుంచి కిందిదాకా ఒకే ముద్దగా బిగియడం. ముందు లోతుగా తడపాలి. మట్టి పదునుకి వచ్చాక, అంటే బొటనవేలు నొక్కితే దిగాలి, వేలికి మట్టి అంటకూడదు, అప్పుడు తేలిక రోలర్ ఎక్కించాలి. ఆరేకొద్దీ బరువు పెంచుతూ రోజుల తరబడి నడపాలి. తొందరపడి బరువైనది ఎక్కిస్తే పైన పెచ్చు కడుతుంది, కింద తడి అలాగే ఉంటుంది. లోపలి తడిని లాగేవి గడ్డి వేళ్లు. అవి దిగని చోట పిచ్ పగులుతుంది. ఒకే లెంగ్త్‌లో పడిన రెండు బంతుల్లో ఒకటి గ్లవ్స్ మీదికి లేస్తుంది, రెండోది చీలమండ దగ్గర పాకుతుంది. జూన్ 5న రోహిత్ చేతికి దెబ్బ తగిలి బయటికెళ్లిన మ్యాచ్ గుర్తుందిగా. మర్నాడు ఐసీసీ కూడా పిచ్‌లు అనుకున్నంత నిలకడగా లేవని ఒప్పుకుంది.

కవర్లు లాగండి:
శాశ్వతం అన్నంత మాత్రాన గట్టెక్కరు. ఫ్లోరిడా లాడర్‌హిల్ శాశ్వత మైదానమే కదా. అదే జూన్‌లో శ్రీలంక-నేపాల్, అమెరికా-ఐర్లండ్, భారత్-కెనడా, మూడూ ఒక్క బంతి పడకుండా రద్దు. భారత్-కెనడా ఆగింది తడిసిన అవుట్‌ఫీల్డ్ (పిచ్ చుట్టూ ఉండే గడ్డి మైదానం) వల్ల. శ్రీలంకలో గ్రౌండ్ మొత్తం కప్పేస్తారు, లాడర్‌హిల్‌లో అప్పుడు ఆ ఏర్పాటు లేదు. నాసౌలో భారత్-పాక్ మ్యాచ్‌కీ వాన అడ్డొచ్చింది, అయినా ఓవర్లు తగ్గలేదు. కింద ఇసుక ఉంది, నీళ్లు దిగిపోయాయి. కాకపోతే కొత్తగా పరిచిన గడ్డి, మెత్తటి నేల బంతినీ పట్టేశాయి. ఫోర్ అనుకున్నది రెండు దగ్గరే ఆగేది. స్కోర్ల పాపం అంతా పిచ్ ఖాతాలో రాయకండి.

నల్లరేగడి:
డాలస్ గురించి ఒక మాట. ఆ చుట్టుపక్కల నేల మన నల్లరేగడికి చుట్టమే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అక్కడ ఇల్లున్న మనవాళ్లు వేసవిలో పునాది చుట్టూ సోకర్ హోస్ (నీళ్లు మెల్లగా ఊరే పైపు) పెట్టేది అందుకే. అలాంటి నేల మీద నేరుగా గడ్డి వేస్తే అవుట్‌ఫీల్డ్ రెండేళ్లకే ఎగుడుదిగుడు. పైమట్టి తవ్వి తీసి, చిల్లుల పైపులు, కంకర, ఆపైన ఇసుక వేయక తప్పదు. పైగా గ్రాండ్ ప్రెయిరీ ఒకప్పటి బేస్‌బాల్ స్టేడియం. 2023లో క్రికెట్‌కి మార్చాక కూడా స్థిరమైన సీట్లు 7,200. భారత్-పాక్ జనాన్ని అందులో ఎక్కడ కూర్చోబెడతారు మిడాఫ్ గారూ?

మిడాఫ్:
సీట్లు అద్దెకు తెచ్చుకోవచ్చు. నాసౌ గ్యాలరీల్లోనే కొన్ని లాస్ వేగాస్ ఫార్ములా వన్ రేసుకి వాడినవి. పిచ్ అలా అద్దెకు దొరకదు, అదే నా బాధ. అవుట్‌ఫీల్డ్ సంగతి మాత్రం ఒప్పుకుంటున్నా, దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

రోలర్ డ్యూటీ:
అందుకే పొమోనాకి ట్రేలే నయం అంటున్నా. దక్షిణ కాలిఫోర్నియా ఎండకి బర్ముడా హాయిగా పెరుగుతుంది, ఫ్లోరిడా నుంచి మోసుకురానక్కర్లేదు. పక్కనే ఒక మూల 2027 వేసవి నుంచి పెంచి, స్థానిక క్లబ్బులతో వాటి మీదే ఒక సీజన్ ఆడించాలి. మ్యాచ్ పడకుండా ఏ పిచ్ గుణమూ బయటపడదు. ఏది పగులుతుందో చూసి, మంచి నాలుగు ఏరుకోవడమే.

కవర్లు లాగండి:
పిచ్‌లు సరే అన్నా, అవుట్‌ఫీల్డ్‌ని ట్రేలో పెంచలేం కదా. దానికి వేళ్లు పట్టాలంటే నెలల తరబడి ఎవరూ తొక్కకుండా వదలాలి. ఆ ప్రాంగణంలో ఏటా మేలో ఎల్‌ఏ కౌంటీ ఫెయిర్ జరుగుతుంది, ఆటలు జులైలో. ఆ ఏడాది మే నెలలో ఆ నేల ఎవరి చేతిలో ఉంటుంది? ముందు అది తేల్చండి, రోలర్ బరువు తర్వాత మాట్లాడుకుందాం.