ఇవో జిమాలో జెండా ఎగరేసినాక కూడా నెల రోజులు యుద్ధమా?

అలిపిరిమెట్టు:
అన్నా ఒక డౌటు. రూమ్‌లో ఫ్రెండ్‌తో పందెం పడింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ దీవి ఇవో జిమాలో అమెరికా సైనికులు ఆరుగురు కొండ మింద జెండా కర్ర లేపతా ఉండే ఫొటో ఉంది కదా, అది గెలిచినాక తీసిందని నేను, కాదు మొదట్లోనే అని వాడు. ఆ దీవి 21 చదరపు కిలోమీటర్లేనంట, మన తిరుపతి టౌన్ అంత కూడా లేదు, అన్ని ఓడలు విమానాలు పెట్టుకోని నెలపైన ఎందుకు పట్టిందప్పా?

చంద్రగిరిబస్సు:
మీ ఫ్రెండే కరెక్ట్. అమెరికా వాళ్ళు దీవిలో దిగింది 1945 ఫిబ్రవరి 19, జెండా 23న, యుద్ధం మాత్రం మార్చి 26 దాకా. పైగా అది రెండో జెండా, ముందు పెట్టిన చిన్నది తీసి పెద్దది లేపేటప్పుడు ఫొటోగ్రాఫర్ జో రోజెంతాల్ క్లిక్‌మనిపించినాడు. ఆ ఆరుగురిలో ముగ్గురు తర్వాత అదే దీవిలో చచ్చిపోయినారు. జెండా పెట్టిన సురిబాచి కొండ 169 మీటర్లే, అదీ దక్షిణం మూలన, అసలు రంపు ఉత్తరాన.

బోరుబండి_పలమనేరు:
టైమ్ పట్టింది తవ్వకం వల్ల. జపాన్ జనరల్ కురిబయాషి ఒడ్డునే అడ్డుకోకుండా వాళ్ళని దిగనిచ్చి, ఒడ్డంతా జనంతో నిండినాక కాల్పులు మొదలుపెట్టినాడు. ఒడ్డున నల్ల బూడిద ఇసుక, గుంత తీస్తే తీసినట్టే పూడిపోతాది, బండ్లు స్వర్ణముఖిలో ట్రాక్టర్ దిగబడినట్టు దిగబడినాయి. జపానోళ్ళు సుమారు 21 వేల మంది, కిలోమీటర్ల కొద్దీ సొరంగాల్లో. ఇవో జిమా అంటేనే గంధకం దీవి, లోపల వేడి, ఆవిరి, మాస్కులేసుకోని తవ్వినా కొద్ది నిమిషాలకే మనిషిని మార్చాల్సిందే. మా తాత బావులు తవ్వేవాడు, గాలాడక అరగంటకోసారి పైకి లాగేవాళ్ళంట, దానికే అబ్బా అనుకునేవాణ్ణి. తాగడానికి ఊట నీళ్ళు కూడా లేవు, వాన నీళ్ళు పట్టుకోవాల్సిందే. ఆ బూడిదే సిమెంట్‌లో కలిపితే కాంక్రీట్ గట్టిగా వచ్చిందంట, అది మాత్రం వాళ్ళకి కలిసొచ్చింది.

తోతాపురి:
ముందు ఓడల మీది నుంచి పది రోజులు ఫిరంగులు కాల్చమని మెరీన్లు (ఒడ్డున దిగి పోరాడే అమెరికా దళం) అడిగితే నేవీ మూడు రోజులే ఇచ్చింది, అదీ చెప్పండి. నన్నడిగితే అంత ప్రాణనష్టానికి తగ్గ ఫలితం లేదు. అమెరికా వైపే దాదాపు 6,800 మంది పోయినారు. దెబ్బతిన్న బి-29లు (అమెరికా బాంబర్ విమానాలు) 2,400 సార్ల దాకా అక్కడ దిగి బతికినాయని చెప్తారు గానీ ఆ లెక్కలో పెట్రోలు కోసం, ట్రైనింగ్‌కి దిగినవి కూడా కలిపేసినారు.

చంద్రగిరిబస్సు:
తోతాపురి అన్నా, ఇంజన్ ఆగిపోయి సముద్రం మింద ఉన్నోడిని అడిగితే వాడి లెక్క వేరే ఉంటాది లే.

అలిపిరిమెట్టు:
సరే, టిఫిన్ ఖర్చు నాదే, ఒప్పుకున్నా. చివరి జపాన్ సైనికులు ఇద్దరు 1949లో లొంగిపోయినారనేది నిజమేనా?

బోరుబండి_పలమనేరు:
నిజమే, జనవరిలో. యుద్ధం అయిపోయి మూడేళ్ళు దాటినా గుహల్లోనే, రాత్రిళ్ళు అమెరికా క్యాంపులో తిండి ఎత్తుకొచ్చుకోని బతికినారు.