అంగారకుడి మేఘం ఎత్తు నేను తప్పుగా గుర్తిస్తే ఏమవుతుంది?

కావలి లెక్కల టీచర్ | 2022 ఆగస్టు
అంగారకుడి మేఘాలను మామూలు జనం చేత గుర్తింపజేసే నాసా ప్రాజెక్టు, జూన్‌లో మొదలైన ‘క్లౌడ్‌స్పాటింగ్ ఆన్ మార్స్’లో నేనూ చేరాను. పిల్లల పేపర్లు దిద్దడం అయ్యాక రాత్రి పదింటికి కూర్చుంటే పదకొండున్నర దాకా లేవబుద్ధి కాదు. 2006 నుంచి అంగారకుడి చుట్టూ తిరుగుతున్న నాసా ఆర్బిటర్ పంపిన డేటా అది. అందులో మేఘాలు కమానుల్లా కనిపిస్తాయి. ప్రతి కమాను శిఖరం మీదా మనం గుర్తు పెట్టాలి.

నిన్న ఒక బొమ్మలో మూడు కమానులు ఒకదాని మీదకొకటి ఎక్కి ఉన్నాయి. మధ్యదాని ఎడమ కాలు స్పష్టంగా ఉంది, కుడి కాలు పక్కదాంట్లో కలిసిపోయింది. పది నిమిషాలు చూసి ఒకచోట గుర్తు పెట్టి పంపేశాను. పడుకున్నాక టెన్షన్ పట్టుకుంది. నా గుర్తు తప్పైతే వాళ్ల లెక్క చెడిపోదూ? ఇంకోటి, మేఘం కమానులా ఎందుకుంటుందని మా తొమ్మిదో తరగతి పిల్లలు అడిగారు. చెప్పలేకపోయాను.

విశాఖ ఆకాశం
టీచర్ గారూ, ముందు పిల్లల ప్రశ్న. విమానం దూరంగా ఉన్నప్పుడు చెట్ల తలల దగ్గర కనిపిస్తుంది, నడినెత్తికి వస్తుంది, మళ్లీ అవతలి చెట్లలోకి దిగిపోతుంది. అది ఎగిరే ఎత్తు మాత్రం మారదు కదా! ఇక్కడ కదిలేది ఆర్బిటర్. అందులోని మార్స్ క్లైమేట్ సౌండర్ అనే పరికరం గ్రహం అంచు వైపు చూస్తూ పోతుంటే, మేఘం కిందనుంచి లేచి, పైకెక్కి, దిగిపోయినట్టు నమోదవుతుంది. అసలు ఎత్తు తెలిపేది శిఖరమే. కాబట్టి కుడి కాలు కలిసిపోయిందని దిగులు పడకండి.

ఒకే బొమ్మను చాలామంది చూస్తారు. అందరి గుర్తులూ ఎక్కడ గుమిగూడాయో చూసి ఎత్తు తేలుస్తారు. మీ ఒక్కరిదే ఆఖరి మాట కాదు.

ఖమ్మం రమ
ఒక్క మాట కలుపుతాను. ఎవరో సరిచేస్తారులే అని మాత్రం తొందరపడొద్దు. ఇలాంటి కమానులను ప్రోగ్రాములతో పట్టించాలని శాస్త్రవేత్తలు ప్రయత్నించారు, మనిషి కంటికే తేలిగ్గా దొరుకుతున్నాయి. మీరు పది నిమిషాలు చూశారే, వాళ్లకు కావలసింది ఆ ఓపికే.

అంగారకుడి మీద యాభై నుంచి ఎనభై కిలోమీటర్ల ఎత్తులో కార్బన్ డయాక్సైడే గడ్డకట్టి మేఘమవుతుంది. మన భూమ్మీద అంత చలి లేదు. ఒకప్పుడు దట్టంగా ఉందనుకునే ఆ వాతావరణం ఇప్పుడు మనదాంట్లో వందో వంతైనా లేదు. అదెలా పోయిందో తెలుసుకోవడానికి ఈ ఎత్తులు పనికొస్తాయి. మరీ సందేహమున్న బొమ్మను ప్రాజెక్టు చర్చా పేజీలో పెట్టండి.

కావలి లెక్కల టీచర్
ఇద్దరికీ ధన్యవాదాలండీ. విమానం ఉదాహరణను ఈ రోజే బోర్డు మీద గీశాను. వెనక బెంచీ అమ్మాయి ఒకతి లేచి, “అయితే మేఘం సరిగ్గా దారిలో కాకుండా పక్కకుంటే శిఖరం కూడా తక్కువే చూపిస్తుంది కదా టీచర్?” అంది. విశాఖ వారూ, దీనికేం చెప్పమంటారు?