మళ్లీ చూడి కట్టించకుండా బీటల్ మేకను ఎంతకాలం పితకొచ్చు?

పాడి మేకలు పెంచిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. మాది సిద్దిపేట వైపు. మా బీటల్ మేక రెండో ఈత ఈని ఏడాది దాటింది, ఇంకా పూటకు ముప్పావు లీటరు ఇస్తోంది. మూడు పిల్లలు వేసి బాగా చిక్కిపోయిందని, ఎదకొచ్చినా పోతుతో దాటించలేదు. చూడి కడితే ఈనడానికి రెండు నెలల ముందే పాలు ఆపేయాలి. ఇంత చక్కగా ఇస్తున్నదాన్ని వట్టిపోనివ్వడానికి మనసొప్పడం లేదు.

యూరప్‌లో సానెన్, ఆల్పైన్ మేకలను ఒకే ఈత మీద రెండేళ్లకు పైనే పితుకుతారట. చలికాలంలో పాలు తగ్గినా, పగటి పొద్దు పెరిగేకొద్దీ మళ్లీ పెరుగుతాయట. మన దగ్గర పొద్దులో అంత తేడా ఉండదు కదా, మరి బీటల్‌కూ ఇది కుదురుతుందా? ఎవరైనా చేసి చూశారా?

దాణా సంగతే పెద్ద టెన్షన్. సుబాబుల్ రొట్ట, హెడ్జ్ లూసర్న్‌తో పాటు మొక్కజొన్న నూక, వేరుశనగ చెక్క పెడుతున్నాం. ఇప్పుడు ఒళ్లు చేస్తోంది. తగ్గిస్తే పాలు పడిపోతాయి, తగ్గించకపోతే కొవ్వు పట్టి తర్వాత చూడి నిలవదేమో.

ఇంకొకటి. ఈమధ్య ఎడమ చన్ను పాలు కాస్త ఉప్పగా ఉంటున్నాయి. మొదటి ధారలు నల్లగుడ్డ మీద పిండి చూస్తే గడ్డలు లేవు, పొదుగు వేడిగానూ లేదు. పాడి చివర్లో మేకపాలలో కణాలు మామూలుగానే పెరుగుతాయి కాబట్టి, ఆ కణాలను బట్టే పొదుగువాపును పట్టే సీఎంటీ పరీక్షను నమ్మొచ్చా? లేక పాలను నేరుగా ల్యాబ్‌కు పంపడమే మంచిదా?