అప్‌డేట్: మా బుడ్డోడు పాటీ సీటు ఎక్కాడండి

పోయిన నెల అడిగాను కదండీ, రెండేళ్ల నాలుగు నెలల మావాడికి డైపర్ మాన్పించొచ్చా అని. "మా పిల్లలకి ఏడాదికే అలవాటు చేశాం" అని అత్తయ్యగారి పోరు. వాడు సిద్ధంగా ఉన్నాడో లేదో చూడమని మీరన్నట్టు ముందు వాడినే గమనించా. రెండేసి గంటలు డైపర్ పొడిగానే ఉంటోంది. దొడ్డికి వచ్చే ముందు ధాన్యం బస్తాల వెనక్కి పోయి నక్కుతున్నాడు! తడిస్తే తనే లాగేసుకుంటున్నాడు.

సరేనని అమలాపురం వెళ్లినప్పుడు పాటీ సీటు, అదే పిల్లలు ఉచ్చకీ దొడ్డికీ కూర్చునే చిన్న సీటు, కొన్నాం. మూడు రోజులు దాన్ని టోపీలా పెట్టుకు తిరిగాడు, అంతే. నాలుగో రోజు "అమ్మా, ఉచ్చ" అన్నాడు, ఆయ్! రావులపాలెంలో పెళ్లికెళ్లొచ్చాక మళ్లీ మొదటికొచ్చింది. తిట్టలేదు, వారం ఆపి మళ్లీ మొదలెట్టాం. ఇప్పుడు పగలు డైపర్ లేదు. రాత్రికి మాత్రం వేస్తున్నాం, దానికింకా టైమ్ పడుతుంది కదా.