మ్యూజిక్ డైరెక్టరా, వర్షిప్ పాస్టరా?

ప్రశ్న: డల్లాస్‌లో మేం వెళ్లే సదరన్ బాప్టిస్టు చర్చిలో క్వయర్ నడిపే ఆవిడ రిటైరవుతున్నారు. ఇన్నాళ్లూ ఆమె ‘మ్యూజిక్ డైరెక్టర్’. కొత్తగా వచ్చే అబ్బాయి మాత్రం ‘వర్షిప్ పాస్టర్’ అట! పాటలు ఎంచడం, బుధవారం ప్రాక్టీసు, పని అదేగా?

జవాబు: పేరు ఊరికే మారదండీ. సదరన్ బాప్టిస్టుల 2000 నాటి విశ్వాస ప్రకటనలో పాస్టర్ పదవి మగవాళ్లకే అని ఉంది. పైగా పాస్టర్ అన్నాక ఆసుపత్రి పరామర్శలు, అంత్యక్రియలు కూడా చాలాచోట్ల నెత్తిన పడతాయి.

ఇంకో జవాబు: బాప్టిస్టుల్లో ఏ సంఘం నిర్ణయం దానిదే, పైన బిషప్ ఉండడు. అమెరికన్ బాప్టిస్టులనే వేరే శాఖ సంఘాల్లో ఆడవాళ్లూ పాస్టర్లుగా ఉన్నారు. మీ చర్చి బైలాస్ (సొంత నియమావళి) అడిగి చూడండి.

ప్రశ్న అడిగినవారు: అడుగుతా. అసలు టెన్షన్ వేరే. ఆయన డ్రమ్స్ తెస్తాడట, క్వయర్‌లో ఆల్టో (ఆడవాళ్లలో కింది స్థాయి గొంతు) పాడే మా ఆవిడ ఇప్పుడే అలిగింది.